గుడ్డ తీశానా?

తీసే ఉంటాను, తియ్యకుండా ఎవరైనా ఇంజిన్ మీద డబ్బా బిగిస్తారా, అనుకుంది ఐలి. అనుకుంది గానీ ఆ అనుకోవడంలోనే ఎక్కడో చిన్న సందు మిగిలింది, ఆ సందులోంచి భయం చలిగాలిలా లోపలికి రావడం మొదలైంది. ఎర్ర గుడ్డ తీసింది, అది బాగా గుర్తుంది. ఇంజిన్ నెత్తిన నోరు తెరుచుకుని ఉన్న ఆ పెద్ద కన్నంలో బోల్టులూ అవీ పడకుండా కుక్కిన ఎర్ర గుడ్డ. తీసింది, దులిపింది, భుజం మీద వేసుకుంది. కానీ దాని కింద ఇంకోటి ఉంది కదా. మూలన నిలిచిన పాత నూనె పీల్చుకోవడానికి తన ఫ్లానెల్ నైటీలోంచి చింపి, వేళ్ళతో లోపలికంటా తోసిన మెత్తటి ముక్క. అదేమైంది? తోసిన వేళ్ళు గుర్తున్నాయి, గోళ్ళకింద దూరిన ఆ నూనె చల్లదనం గుర్తుంది, వెనక్కి లాగిన వేళ్ళు మాత్రం ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. అయ్యో దేవుడా. రోడ్డు తిన్నగా పోతోంది, అటూ ఇటూ పైన్ చెట్లు, కొమ్మల మీద నిన్నటి మంచు, పక్క సీట్లో మొగుడు రేనో కళ్ళు మూసుకుని ఉన్నాడు, అతని ఒళ్ళో ఆసుపత్రికి పట్టుకెళ్ళే సంచి. పెడల్ మీదున్న ఆమె కాలు తనంతట తానే తేలికైపోయింది.

పొద్దున ఫోన్ మోగినప్పుడు కాఫీ కలుపుతోంది. రేనో కాంగస్ గారి ఇల్లేనా అండీ అని అటువైపు ఆడగొంతు, ఎంత మామూలుగా అడిగిందంటే పాలవాళ్ళ బిల్లు అనుకుంది. ఆయనకి సరిపడే కిడ్నీ ఒకటి వచ్చింది, మధ్యాహ్నంలోగా ఇక్కడికి చేరుకోగలరా? చేరుకోగలమండీ, ఎందుకు చేరుకోలేం, అంది, అంటూనే కుర్చీ కోసం చెయ్యి చాపి కుర్చీ దొరక్క నేల మీద కూర్చుండిపోయింది. ఇంకొక్క మాట, అంది ఆ గొంతు, మీ వెనక ఇంకొకరిని కూడా సిద్ధంగా ఉండమన్నాం, మీకు ఆలస్యమైతే అది వాళ్ళకి వెళ్తుంది, తప్పుగా అనుకోకండి. తప్పుగా ఏం అనుకుంటుంది, వాళ్ళ ఇంట్లోనూ ఒక ఐలి నేల మీద కూర్చునే ఉంటుంది. మూడేళ్ళుగా వారానికి మూడుసార్లు రక్తం కడిగే ఆ యంత్రం పక్కన కూర్చోబెట్టి తెచ్చుకుంటున్న మనిషి. మొన్న డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి, చెయ్యి నరాలు అరిగిపోతున్నాయమ్మా, సూది గుచ్చడానికి ఇంక చోటు వెతుక్కోవాలి, అన్నప్పుడు రేనో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, వినపడనట్టు. వినపడిందో లేదో కూడా ఆమెకి తెలీదు. మంచు తోసే లారీల షెడ్డులో జన్మంతా మెకానిక్కుగా చేసి చెవులు అక్కడే వదిలేసి వచ్చిన మనిషాయన, తనకి పనికొచ్చినప్పుడు చెవుడు ఇంకాస్త ఎక్కువవుతుంది.

ఇవాళే రావాలా ఆ ఫోన్. జింకల వేట మొదలయ్యే రోజు, ఊళ్ళో మగపురుగు మిగలని రోజు, బడికి సెలవు, బ్యాంకులో ఒక్కతే అమ్మాయి. తమ పెద్ద పికప్ బండిని మరిది ఆర్వో అడవిలో వేట గుడిసెకి పట్టుకుపోయాడు, అక్కడ ఫోన్లు పలకవు. ఇంట్లో మిగిలింది ఈ నల్ల కారే. దీనిమీద తను పని పూర్తిచేసి రెండు రోజులైంది. ఇంటి చుట్టూ ఒక చుట్టు, కిరాణా కొట్టు దాకా ఒకసారి, అంతే నడిపింది, అదీ పసిపిల్లని ఎత్తుకున్నట్టు నడిపింది. గట్టిగా తొక్కితే కదా డబ్బా లోపల గాలి ఒత్తిడి లేచేది. లేస్తే కదా మూలన నూనెకి అతుక్కుని పడున్నది కదిలేది. కదిలితే, ఆరు గొట్టాల్లో ఏదో ఒక దాంట్లోకి పోతుంది, పోయి కవాటం నోట్లో ఇరుక్కుంటుంది, ఇరుక్కుంటే ఇంజిన్ సగం ఊపిరితో దగ్గుతుంది, ఆగుతుంది. ఎక్కడ ఆగుతుంది? ఇక్కడ. ముందూ వెనకా మైళ్ళ తరబడి ఇల్లన్నది లేని చోట, ఫోన్ తీస్తే సిగ్నల్ ఒక్క గీతైనా లేని చోట. ఆపి చూసుకుందామంటే మూత ఎత్తితే కనపడేదీ కాదు. బెల్టు విప్పాలి, గొట్టాలు పీకాలి, డబ్బాని ఎత్తి దించాలి, సగం రోజు పని.

ఈ పనంతా ఎవరు చెయ్యమన్నారు తనని? ఎవరూ చెయ్యమనలేదు. అదే కదా గుండెల్లో గుచ్చుకుంటున్నది. ఇంజిన్ నెత్తిన సూపర్‌చార్జరని ఆ బరువైన డబ్బా, లోపల రెక్కలు తిప్పుతూ గాలిని కుక్కి కుక్కి పంపేది, దానికోసమే రేనో ఈ కారు కొన్నాడు, రిటైరైన ఏడాది, నలభయ్యేళ్ళు ఆ పసుపు మంచు లారీలు బాగుచేశాను, ఇప్పుడు కాస్త సరదాగా పోనీ నన్ను, అని. పోయిన చలికాలం నుంచీ ఆ డబ్బా గలగలమనడం మొదలెట్టింది, రేకు డబ్బాలో గోలీలు పోసి ఊపినట్టు. డయాలసిస్ గుమ్మం ముందు ఆపితే చాలు లోపల నర్సులు తల తిప్పి చూసేవాళ్ళు. ఆమెకి ఒక్క క్షణం మనశ్శాంతి ఉండేది కాదు. వెళ్ళేటప్పుడు గలగల, వచ్చేటప్పుడు గలగల, రక్తమంతా కడిగించుకుని పాలిపోయి పక్కన నిద్రపోతున్న మనిషి, ఇప్పుడు ఆగుతుంది, ఈ మలుపులో ఆగుతుంది, అని ప్రాణాలు ఉగ్గబట్టుకుని నడపడం.

కారు కొన్న చోటికి పట్టుకెళ్తే వాళ్ళు కంప్యూటర్లో చూసి, వారంటీ ఎప్పుడో అయిపోయిందండీ, డబ్బా మొత్తం మార్చుకోవడమే, అన్నారు. "నాకూ అయిపోయింది వారంటీ. నన్నూ మార్చిపారెయ్యి" అన్నాడు రేనో బయటికొచ్చి. "నిన్ను మార్చమనే కదా లిస్టులో రాయించాం ముసలోడా" అంది ఆమె. అక్కడే పార్కింగ్ లాట్లో ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వాక అతనన్నాడు, "లోపల స్ప్రింగు ముక్క ఒకటి అరిగి ఉంటుంది, అంతే. అది గోల చేస్తుందిగానీ పోదు. నడిచేదాన్ని కెలక్కు పిల్లా." నీకేం, నీకు వినపడదు, అంది తను. వినేదాన్ని నేను. బాగుచేస్తావా చెయ్యవా. నా చెయ్యి ఎత్తితే కదా చేసేది, అన్నాడు. ఎడమచేతికి సూదుల కోసం నరం కలిపి కుట్టిన చోటుంది, దాంతో కాఫీ కప్పుకంటే బరువు ఎత్తకూడదు. అయితే నువ్వు చెప్పు, నేను చేస్తా, అంది.

ఎంత పొగరు! గ్యారేజీలో హీటరు పక్కన స్టూలు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని అతను అరుస్తుంటే, ఎడమకి తిప్పు, ఎడమకి, నీ ఎడమ కాదు దాని ఎడమ, అని అరుస్తుంటే, తను నడుం వంచి ఆ నల్లటి పేగుల్లో చేతులు పెట్టి బోల్టులు విప్పింది. డబ్బాని వంటింటి బల్ల మీద పెట్టి దాని ముక్కు ఊడదీసింది. ఆ నూనె కంపు! కుళ్ళిన చేపని రబ్బరు చెప్పుతో కలిపి కాల్చినట్టు. ఏలకుల రొట్టె కాల్చుకుంటే ఏలకుల వాసన కూడా రాలేదు రెండు రోజులు. స్ప్రింగు ముక్క నిజంగానే అరిగిపోయి ఉంది, అరచేతిలో పట్టుకుని చూస్తే పిప్పిపన్నులా ఉంది. కొత్తది వేసింది, కొత్త నూనె పోసింది, తిరిగి ఎక్కించింది. ఎక్కించే ముందే కదా తోడికోడలు ఫోన్ చేసింది, ఆర్వో మేజోళ్ళు మర్చిపోయాడు, మీ ఇంట్లో ఉన్నాయా అని, నూనె చేతుల్తోనే లోపలికి పరిగెత్తింది తను, మేజోళ్ళ గురించి ఎంతసేపు మాట్లాడింది ఆవిడ. తిరిగొచ్చి ఎర్ర గుడ్డ లాగింది. లాగింది, డబ్బా పెట్టింది. మధ్యలో ఏం చేసింది? మధ్యలో ఏమీ లేదు. మేజోళ్ళున్నాయి, డబ్బా ఉంది, మధ్యలో తెల్లగా ఏమీ లేదు.

ఇప్పుడు గలగల లేదు. అదే అన్నిటికంటే భయంగా ఉంది. ఆ మాయదారి గోల ఉన్నన్నాళ్ళూ ఇంజిన్ బతికే ఉందని తెలిసేది, ఇప్పుడిలా నోరు మూసుకుని నడుస్తుంటే లోపల ఏం కుట్ర చేస్తోందో ఎవరికి తెలుసు. చిన్నప్పుడు నాన్న గడ్డకట్టిన సరస్సు మీద కారు నడిపేవాడు, చేపల వేటకి, కారు తలుపులు నాలుగూ బార్లా తెరిచి, ఎప్పుడంటే అప్పుడు దూకడానికి. కింద మంచు ఢాం ఢాం అని పగిలినట్టు మోగేది, తను అమ్మ కోటులో మొహం దాచుకుని ఏడ్చేది. ఏడవకే, అది మాట్లాడుతుంటే మంచిదేనే, అనేవాడు నాన్న. మాట్లాడనప్పుడు భయపడాలి. ఒకసారి ఎంతో దూరం ఏమీ మోగలేదు, నాన్న కూడా ఏమీ మాట్లాడలేదు, నాన్న మెడ వెనక చెమట పట్టి మెరవడం వెనక సీట్లోంచి చూసింది. అంత చలిలో చెమట. అరవయ్యేళ్ళు నిండబోతున్నాయి, ఇప్పుడు తన మెడ వెనక కూడా అలాగే తడిగా ఉంది, తుడుచుకోవడానికి చెయ్యి స్టీరింగ్ మీంచి తియ్యాలంటే భయంగా ఉంది.

"ఏంటే, శవయాత్రలా పోనిస్తున్నావ్?" రేనో కళ్ళు తెరిచాడు.

"మంచుంది" అంది గట్టిగా.

"మంచెక్కడుంది? పొద్దున్నే ఉప్పు చల్లి కరిగించేశారు, చూడు, రోడ్డు ఎంత నల్లగా ఉందో. నా షెడ్డు వాళ్ళే. వెధవలు, నేనున్నప్పుడు ఇంత తొందరగా చల్లారా ఎప్పుడైనా?"

అతను చేతి గడియారం చూసుకున్నాడు, చూసుకుని చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు, ఆమె కంట పడకూడదన్నట్టు. ఆమె కంట పడింది. ఆ చూడటంలో ఉన్న జాగ్రత్త కూడా పడింది. బతకాలనుంది ఇతనికి. ఇన్నాళ్ళూ పోతే పోతానులే, ఆ వేట తుపాకీ ఆర్వోకిచ్చెయ్యి, ఈ కారు నువ్వుంచుకో, అని జోకులేసిన మనిషికి బతకాలనుంది, ఆ సంగతి తనకి కూడా చెప్పకుండా దాచుకున్నాడు. పొద్దున స్నానాల గదిలో ఎంతసేపున్నాడు. బయటికొచ్చేసరికి గడ్డం గీసుకుని, తల తడిపి దువ్వుకుని, ఎవరి పెళ్ళికో వెళ్తున్నట్టు తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు.

చిన్న గుట్ట ఎక్కి దిగేసరికి ముందు కలప లారీ. నిండా దుంగలు, వెనక దుంగకి ఎర్ర పేలిక కట్టి ఊగుతోంది, నడుస్తోందా నిలబడిందా అన్నట్టు పోతోంది. ఆమె దాని వెనక చేరి, లోపల్లోపల దేవుడికి దండం పెట్టుకుంది. లారీ అడ్డొచ్చింది, నేనేం చెయ్యను, నెమ్మదిగా పోక ఏం చెయ్యను. ఒక మైలు. ఇంకో మైలు. లారీ చక్రాలు చిమ్మిన ఉప్పు బురద అద్దం మీద పడుతోంది, వైపరు తుడుస్తోంది. లారీ ఎక్కడికీ తిరగదు, దానికి దారి తెలుసు, అదీ దక్షిణానికే, కాగితం మిల్లుకే. దాటాలంటే తొక్కాలి. మెల్లగా దాటడమన్నది లేదు, ఎదురు రోడ్డులోకి వెళ్ళాక ఇంత పొడుగు లారీని దాటాలంటే నేలకంటా తొక్కాలి. అప్పుడే, సరిగ్గా అప్పుడే, ఎదురు రోడ్డులో ఉన్నప్పుడే, ఇంజిన్ దగ్గితే? కుడి పక్కన ఆ దుంగలు, ముందునుంచి ఏ బండైనా వస్తే? కిడ్నీ సంగతి తర్వాత. ముందు ఇద్దరూ ఉంటారా?

"దాటెయ్యి" అన్నాడు రేనో.

"మలుపుంది."

"మలుపా? నా చెవులు పోయాయిగానీ కళ్ళున్నాయే. తాడు లాగినట్టుంది రోడ్డు. దాటెయ్యి."

ఆమె దాటలేదు. లారీ వెనకే ఉండిపోయింది. ఎర్ర పేలిక ఊగుతూనే ఉంది. అక్కడెక్కడో ఇంకొక ఇంట్లో ఇంకొక మనిషి కూడా తెల్లచొక్కా వేసుకుని సంచి ఒళ్ళో పెట్టుకుని ఫోన్ వంక చూస్తూ ఉంటాడు, మాకు ఆలస్యమైతే బావుణ్ణని అనుకోడు, అనుకోకూడదు, కానీ అనుకుంటాడు, నేనైతే మాత్రం అనుకోనూ?

"ఐలీ" అన్నాడు రేనో. ఈసారి ఏమేవ్ అనలేదు, పిల్లా అనలేదు. "ఏమైందో చెప్పు."

చెప్పకపోతే? చెప్పకుండా ఇలాగే మధ్యాహ్నం దాకా లారీ వెనక పోయి, అయ్యో వేళ దాటిపోయిందే, అని ఆసుపత్రి మెట్ల మీద ఏడిస్తే? ఎవరికీ తెలీదు. ఇతనికి కూడా తెలీదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకి తన మీద అసహ్యం వేసి, నోట్లోంచి మాట తన్నుకుని వచ్చేసింది.

"గుడ్డ!" అంది. మెల్లగా చెప్పుకోవాల్సిన మాట, చెవులు వినపడని మొగుడికి అరిచి చెప్పాల్సి వచ్చింది. "ఇంజిన్లో గుడ్డ మర్చిపోయానేమో రేనో! ఎర్ర గుడ్డ కింద ఇంకోటి పెట్టాను, నా నైటీ ముక్క, నూనె పీలుస్తుందని. అది తీసినట్టు గుర్తు లేదు. మీ మరదలు ఫోన్ చేసింది, నేను లోపలికి పోయాను, వచ్చి డబ్బా పెట్టేశాను. గట్టిగా తొక్కితే లోపలికి పోతుంది. తొక్కలేను. నా వల్ల కాదు. నిన్ను నేనే చంపుతాను ఇవాళ!"

అతను ముందున్న దుంగల వంక చూశాడు. వాటి కోసిన మొహాల మీద మంచు అంటుకుని ఉంది. ఆమె తిట్టు కోసం ఎదురుచూసింది. తిడితే బావుండును. నలభయ్యేళ్ళ కాపురంలో ఇతని తిట్టు కోసం ఇంతగా ఎప్పుడూ ఎదురుచూడలేదు.

"అదా" అన్నాడు. "అది నేను తీసేశాగా."

"ఏంటి?"

"నువ్వు లోపలికి పోయావు కదా మేజోళ్ళ గొడవకి. అప్పుడు లేచి చూశా. మూలన కనపడింది. వేళ్ళు పెట్టి లాగి చెత్తలో పారేశా. అయిపోయింది. తొక్కు ఇంక."

"నిజంగానా?"

"ఒట్టే ఐలీ. తొక్కు."

ఆమె ఒంట్లోంచి ఏదో బరువు జారి కాళ్ళ మీదుగా దిగిపోయినట్టయింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఈ ముసలోడిని ఇక్కడికిక్కడే ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఎదురు రోడ్డు చూసింది, ఖాళీ. చక్రం తిప్పింది. నేలకంటా తొక్కింది. డబ్బా సన్నగా కూత పెట్టి, కూత పెంచి, కారు మొత్తం వెనక్కి ఒరిగి ముందుకి దూకింది. దుంగలు పక్కకొచ్చాయి, లారీ చక్రాలు కిటికీ ఎత్తున తిరుగుతున్నాయి. సరిగ్గా అక్కడ, చక్రాలకీ చక్రాలకీ మధ్య, ఆమెకి తెలిసిపోయింది.

ఇతను అబద్ధమాడాడు. ఒకసారి బ్యాటరీ చార్జర్ తగిలించి ఉందని చూసుకోకుండా తను కారు తీసి చర్చి దాకా దాన్ని రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. ఆ కథని రేనో కాఫీ హోటల్లో చెప్పాడు, ఆవిరిగదిలో చెప్పాడు, ఆమె సొంత అన్న సంతాపసభలో లేచి నిలబడి చెప్పాడు. పెళ్ళాం చేసిన పొరపాటు దొరికితే ఒక్క పూట కడుపులో పెట్టుకోలేని మనిషి. ఇంజిన్లో నైటీ ముక్క దొరికితే రెండు రోజులు నోరు మూసుకుని కూర్చుంటాడా? ఆ సాయంత్రానికే ఊరంతా తెలిసేది. దొరకలేదు. లాగలేదు. అది లోపలే ఉందో లేదో ఇతనికీ తెలీదు, తనకెంత తెలుసో అంతే తెలుసు.

కాలు ఎత్తెయ్యబోయింది. ఎత్తితే లారీ పక్కనే, ఎదురు రోడ్డులోనే ఉండిపోతారు. పక్కకి చూసింది. రేనో కుడి అరచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి ఉంది, బోర్లా, గట్టిగా, చెవులకి అందనిది చేతికైనా అందుతుందేమోనని. కళ్ళు మాత్రం రోడ్డు మీద లేవు. ఆమె మొహం మీదున్నాయి. ఇంజిన్ ఏమంటోందో అతను ఆమె మొహంలో వింటున్నాడు. పెదవులు తెల్లబడి ఉన్నాయి, తెల్లచొక్కా కాలరు మీద గొంతు ఎగిరెగిరి పడుతోంది. వణికిపోతున్నాడు తన మొగుడు, తనని తొక్కించడం కోసం వణుకు దాచుకుని పచ్చి అబద్ధం మీద ఒట్టేశాడు. ఆమె మొహం సర్దుకుంది. పళ్ళ బిగువున, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే తిరగనిచ్చి, అతనికి కనపడేలా నవ్వింది.

లారీ వెనకపడింది. ఆమె తన దారిలోకి వచ్చింది. కూత సాగుతూనే ఉంది, అందులో దగ్గు ఉందా, ఇప్పుడు వినపడింది దగ్గేనా, కాదు, గాలి, అది గాలే.

"ఎలా ఉంది?" అన్నాడు రేనో.

"బ్రహ్మాండంగా ఉంది!" అరిచింది. "ఆర్వోకి చెప్పకు ఈ గుడ్డ సంగతి."

"చెప్పకుండా ఎలా ఉంటానే?" అతని అరచెయ్యి ఇంకా డాష్‌బోర్డు మీదే ఉంది. "ఏడాది పొడుగునా చెప్తా. వచ్చే ఏడు వేట గుడిసెకి నేనే వెళ్ళి, అందర్నీ చుట్టూ కూచోబెట్టి చెప్తా. మా ఆవిడ ఇంజిన్లో నైటీ కుట్టిందని."

"చెప్పు" అంది. "ఎలా చెప్తావో ఇప్పుడు చెప్పు. మొదట్నుంచీ."

అతను మొదలుపెట్టాడు. ఐలి కాలు ఎత్తలేదు.